చిన్న వెబ్‌సైటుకు నమ్మకమైన హోస్టింగ్: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ఈ శీర్షికకు ఇటీవల వచ్చిన ఉత్తరాలలో చాలా వరకు చిన్న వెబ్‌సైట్ల హోస్టింగ్ గురించినవే. హోస్టింగ్ అంటే సైటు ఫైళ్లను ఎప్పుడూ నడిచే ఒక కంప్యూటరులో, అంటే సర్వరులో, ఉంచే సేవ. ఒకే సందేహాన్ని పలువురు అడిగినచోట వాటిని ఒక ప్రశ్నగా కలిపాము. ఫలానా సంస్థనే తీసుకోండని ఇక్కడ చెప్పబోవడం లేదు. ఈ రంగంలో ధరలూ యాజమాన్యాలూ తరచుగా మారుతుంటాయి కనుక, సంస్థ పేరు కంటే దానిని పరీక్షించే పద్ధతి తెలిస్తేనే ఎక్కువ కాలం పనికివస్తుంది.

ప్రశ్న: మాది చేనేత చీరల దుకాణం. ఇరవై పేజీల వెబ్‌సైటు, చీరల ఫొటోలు, ఫోన్ నంబరు, వాట్సాప్ లింకు ఉంటే మాకు చాలు. నెలకు 79 రూపాయలకే అపరిమితమైన స్థలం, అపరిమితమైన ట్రాఫిక్, ఉచిత డొమైన్ ఇస్తామని ఒక ప్రకటన చూశాము. తీసుకోవచ్చా?
— ఒక దుకాణదారు, మంగళగిరి

జవాబు: తీసుకోవచ్చు గానీ, ప్రకటనలో పెద్ద అక్షరాలతో ఉన్న ధరను కాక, అడుగున చిన్న అక్షరాలతో ఉన్న షరతులను చదివి నిర్ణయించుకోవాలి. ఇటువంటి ధర సాధారణంగా మూడేళ్లకో నాలుగేళ్లకో డబ్బంతా ఒకేసారి కట్టేవారికే వర్తిస్తుంది. నెలకు 79 రూపాయల చొప్పున 48 నెలలకు 3,792 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీ కలిపితే సుమారు 4,475 రూపాయలు మీరు మొదటి రోజే చెల్లిస్తారు. గడువు తీరాక రెన్యువల్ ధర మొదటి ధరకు రెండింతలు మొదలుకొని నాలుగింతల దాకా ఉండడం ఈ వ్యాపారంలో మామూలే. అది నెలకు 300 రూపాయలనుకుంటే, తర్వాతి నాలుగేళ్లకు పన్నుతో కలిపి 16,992 రూపాయలవుతుంది. ఉచిత డొమైన్ (సైటు చిరునామా) కూడా చాలావరకు మొదటి ఏడాదికే ఉచితం. మధ్యలో మనసు మార్చుకుని డబ్బు వాపసు అడిగితే, డొమైన్ ఖరీదును మినహాయించుకునే మిగతాది ఇస్తారు. మీకు జీఎస్టీ నమోదు ఉండి, కాంపోజిషన్ పథకంలో లేనట్లయితే, కట్టిన పన్నును సర్దుబాటు చేసుకునేందుకు కొనేటప్పుడే ఆ నంబరు ఇవ్వండి. తర్వాత బిల్లు మార్పించుకోవడం కంటే అది సులభం.

ఇక అపరిమితం సంగతి. ఏ సర్వరులోనూ అపరిమితమైన డిస్కు ఉండదు. స్థలానికి హద్దు పెట్టని సంస్థలు ఫైళ్ల సంఖ్యకు హద్దు పెడతాయి. దానిని ఐనోడ్ పరిమితి అంటారు. ఇది ప్రకటనలో కనిపించదు, సేవా నిబంధనలలో ఉంటుంది. మీరు సైటు నడపడానికి వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేరు వాడితే, ఒక్క చీర ఫొటో ఎక్కించగానే అది వేర్వేరు కొలతలలో ఐదారు నకళ్లు తయారుచేసి పెడుతుంది. ఐదు వందల చీరలకు నాలుగేసి ఫొటోలు పెడితే రెండు వేల ఫొటోలు, అంటే పది వేలకు మించిన ఫైళ్లు. అదే ఖాతాలో మీ ఈమెయిల్ కూడా ఉంటే, వచ్చిన ప్రతి ఉత్తరమూ ఒక ఫైలుగా లెక్కకు వస్తుంది. పరిమితి దాటితే కొత్త ఫొటో ఎక్కదు. కొన్ని సంస్థలలో అంతకంటే ముందే, ఫైళ్లు ఎక్కువయ్యాయన్న కారణంతో బ్యాకప్ తీయడం ఆపేస్తారు, అది మీకు చెప్పరు కూడా.

మరో పరిమితి ప్రాసెసరుకూ మెమరీకీ సంబంధించినది. మీరు తీసుకునేది షేర్డ్ హోస్టింగ్, అంటే ఒకే యంత్రం మీద వందలాది వెబ్‌సైట్లు ఉంటాయి. ఒకే బోరు మీద నడిచే అపార్ట్‌మెంటులో ఒక ఇంటివారు రోజంతా మోటారు వేసుకుంటే పైఅంతస్తులకు నీళ్లు అందనట్లే, పక్క సైటుకు హఠాత్తుగా జనం పోటెత్తితే మీ సైటు నెమ్మదిస్తుంది. దీనిని అదుపు చేయడానికి చాలా సంస్థలు క్లౌడ్‌లైనక్స్ అనే వ్యవస్థతో ఒక్కొక్క ఖాతాకు కొంత వాటా కేటాయిస్తాయి. ఆ వాటా మీరే దాటినప్పుడు మీ సైటు తెరవబోయినవారికి 508 అనే దోష సంఖ్యతో, వనరుల పరిమితి దాటిందన్న సందేశం కనిపిస్తుంది. పండుగ ముందు రోజు మీ చీరల ప్రకటన వాట్సాప్ గ్రూపులలో తిరిగినప్పుడే ఇది జరుగుతుంది, ఎందుకంటే అప్పుడే అందరూ ఒకేసారి వస్తారు.

అలాగని ఇరవై పేజీలకు సొంత వర్చువల్ సర్వరు, అంటే వీపీఎస్ తీసుకోమని చెప్పను. దాని ఆపరేటింగ్ సిస్టమును ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేసే బాధ్యత చాలా ప్లాన్లలో మీదే అవుతుంది, చీరల దుకాణంలో ఆ పని చేసేవారు ఉండరు. మంచి షేర్డ్ హోస్టింగ్ మీకు సరిపోతుంది. కొనే ముందు రెన్యువల్ ధర ఎంత, ఫైళ్ల సంఖ్యకు పరిమితి ఎంత, ప్రాసెసరు, మెమరీ వాటాలు ఎంత, వర్డ్‌ప్రెస్ నడవడానికి కావలసిన పీహెచ్‌పీ భాషలో ఏ వెర్షన్లు ఇస్తారు అన్నవి ఈమెయిల్‌లో అడిగి, రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి. సూటిగా అంకెలు చెప్పే సంస్థను ఎంపికలో ముందుంచండి, ప్రకటనలోని వాక్యాలనే తిరిగి పంపే సంస్థను పక్కన పెట్టండి. మొదట ఒక ఏడాదికే కట్టండి. నాలుగేళ్ల రాయితీ ఆకర్షణీయంగానే ఉంటుంది గానీ, రెండో ఏట సేవ చెడిపోతే, కట్టిన డబ్బు పోతుందనే బెంగతోనే చాలామంది అక్కడే ఉండిపోతారు.

ప్రశ్న: అన్ని సంస్థలూ 99.9 శాతం అప్‌టైమ్ హామీ ఇస్తున్నాయి. మరి తేడా ఎలా తెలుసుకోవాలి?
— ఒక విద్యార్థి, వరంగల్లు

జవాబు: ముందు ఆ అంకెను గంటలలోకి మార్చి చూడండి. 99.9 శాతం అంటే ఏడాదికి సుమారు 8 గంటల 46 నిమిషాలు, ముప్పై రోజుల నెలకు 43 నిమిషాలు సైటు ఆగినా హామీ నిలబడినట్లే. 99 శాతమైతే ఏడాదికి మూడున్నర రోజులు దాటుతుంది, 99.99 శాతమైతే 53 నిమిషాల లోపు ఉంటుంది. అయితే ఈ హామీలో, ముందుగా చెప్పి చేసే మరమ్మతుల సమయం లెక్కలోకి రాదు. కొలిచేదీ ఆ సంస్థే. పరిహారం మీరు అడిగితేనే, అదీ తర్వాతి బిల్లులో తగ్గింపుగానే ఇస్తారు. నెలకు వంద రూపాయల ప్లానులో ఐదు శాతం తగ్గింపు అంటే ఐదు రూపాయలు! కాబట్టి ఈ అంకె ఆధారంగా ఎంపిక చేసుకోవడం వృథా.

దానికి బదులు ఆ సంస్థ తన సేవల స్థితిని బహిరంగంగా చూపే స్టేటస్ పేజీ నడుపుతున్నదో లేదో, అందులో పాత అంతరాయాల వివరాలు ఉన్నాయో లేవో చూడండి. ఏ రోజున ఏ సర్వరు ఎందుకు ఆగింది, ఎన్ని గంటలకు తిరిగి నడిచింది అని రాసిపెట్టే సంస్థ, ఎన్నడూ ఏమీ జరగలేదన్నట్లు పచ్చగా మెరిసే పేజీ చూపే సంస్థ కంటే నమ్మదగినది. కొన్న తర్వాత, ఐదు నిమిషాలకోసారి మీ సైటును పలకరించి, ఆగితే ఈమెయిల్ పంపే ఉచిత పర్యవేక్షణ సేవ ఒకటి పెట్టుకోండి. రెండు మూడు నెలల్లో అసలు సంగతి మీకే తెలుస్తుంది.

ప్రశ్న: మా తెలుగు సంఘం డాలస్‌లో ఉంది. సైటు చూసేవారిలో సగం ఇక్కడివారు, సగం తెలుగు రాష్ట్రాలలోని మా కుటుంబాలవారు. సర్వరు అమెరికాలో ఉండాలా, భారతదేశంలోనా?
— ఒక సంఘ సభ్యురాలు, డాలస్

జవాబు: హైదరాబాదు నుంచి డాలస్‌కు తిన్నగా కొలిస్తేనే సుమారు 14 వేల కిలోమీటర్లు. గాజుతీగలో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్ల వేగంతో వెళుతుంది కనుక, వెళ్లి రావడానికి కనీసం 140 మిల్లీసెకన్లు పడుతుంది. కేబుళ్లు తిన్నగా ఉండవు కాబట్టి, ఆచరణలో 200 మిల్లీసెకన్లు దాటుతుంది. ఒక పేజీలోని మొదటి అక్షరం తెరమీదికి వచ్చేలోపు ఇటువంటి రాకపోకలు మూడు నాలుగు జరుగుతాయి. అంటే సర్వరు ఎంత వేగమైనదైనా, అవతలి ఖండంలో ఉన్నవారు ముప్పావు సెకను వేచి ఉండక తప్పదు.

సభ్యత్వ నమోదు, చందాల చెల్లింపు వంటి లాగిన్ పనులు ఎక్కువగా డాలస్‌వారే చేస్తారు కనుక, మీ సర్వరు అమెరికాలో ఉండడమే మేలు. ఫొటోలు, కార్యక్రమాల వివరాలు వంటి మారని పేజీలను క్లౌడ్‌ఫ్లేర్ వంటి సీడీఎన్ (పేజీల నకళ్లను పలు నగరాలలో ఉంచే సేవ) ద్వారా పంపితే, వాటి నకళ్లు తెలుగు రాష్ట్రాల పాఠకులకు దగ్గరి నగరం నుంచే అందుతాయి. చిన్న సైట్లకు దాని ఉచిత ప్లానే చాలు. పాఠకులందరూ తెలుగు రాష్ట్రాలవారే అయిన సైట్లకు మాత్రం ముంబయి లేదా హైదరాబాదు సర్వరును అడగాలి. అమెజాన్ క్లౌడ్ ముంబయిలో 2016లోనూ హైదరాబాదులో 2022లోనూ తన కేంద్రాలను ప్రారంభించింది కనుక, వాటిపై ఆధారపడే చిన్న సంస్థలకు ఆ అవకాశం ఉంది. భారతీయ కంపెనీ అన్నంత మాత్రాన సర్వరు భారతదేశంలో ఉన్నట్లు కాదు. ఏ నగరమో పేరు చెప్పమని అడగండి.

ప్రశ్న: మా ఊరి ఉన్నత పాఠశాల పూర్వ విద్యార్థుల సంఘానికి ఒక కుర్రవాడు సైటు చేసిపెట్టాడు. డొమైన్, హోస్టింగ్ అన్నీ అతడి ఖాతాలోనే ఉన్నాయి. అతడిప్పుడు ఉద్యోగరీత్యా వేరే దేశంలో ఉన్నాడు, ఫోను ఎత్తడం లేదు. సైటు నెమ్మదిగా ఉంది కాబట్టి వేరే సంస్థకు మారాలనుకుంటున్నాము. ఎలా?
— సంఘ కార్యదర్శి, కరీంనగర్ జిల్లా

జవాబు: ఇది మన దగ్గర చాలా తరచుగా జరిగే చిక్కు, అందులో ఎవరి దురుద్దేశమూ ఉండనవసరం లేదు. సైటు చేసినవారు సౌకర్యం కోసం తమ ఖాతాలోనే డొమైన్ కొంటారు, సంఘం డబ్బు ఇచ్చి ఊరుకుంటుంది, రిజిస్ట్రీ దస్త్రాలలో మాత్రం యజమానిగా ఆ కుర్రవాడి పేరే ఉంటుంది. డొమైన్ అమ్మి నమోదు చేసే రిజిస్ట్రార్ సంస్థ దృష్టిలో డబ్బు ఎవరిచ్చారన్నది కాదు, ఎవరి పేరున నమోదైందన్నదే లెక్క.

మీరు ఇక్కడ రెండు విషయాలను విడదీసి చూడాలి. హోస్టింగ్ అంటే ఫైళ్లు ఉండే చోటు. అది పోయినా, ఫైళ్ల నకలు ఉంటే వేరేచోట రెండు గంటల్లో నిలబెట్టవచ్చు. డొమైన్ అంటే మీ చిరునామా. అది పోతే ఎంత మంచి సర్వరు కొన్నా సైటును చూడడానికి ఎవరూ రాలేరు. అందువల్ల ముందు డొమైన్ సంగతి తేల్చుకుని, తర్వాతే హోస్టింగ్ గురించి ఆలోచించండి. డొమైన్ వివరాలు చూపే హూఈజ్ సేవలో మీ చిరునామా వెతకండి. వ్యక్తిగత వివరాలను చాలావరకు కప్పి ఉంచినా, రిజిస్ట్రార్ ఎవరో, గడువు ఏ తేదీన తీరుతుందో అందులో కనిపిస్తుంది. డాట్ ఇన్ చిరునామాల రిజిస్ట్రీని నిర్వహించేది నిక్సీ, అంటే నేషనల్ ఇంటర్నెట్ ఎక్స్ఛేంజ్ ఆఫ్ ఇండియా. డాట్ కామ్ రిజిస్ట్రీ వెరిసైన్ చేతిలో ఉంది. అయితే మీవంటి వినియోగదారులు వ్యవహరించవలసింది వీటితో కాదు, మధ్యలో ఉండే రిజిస్ట్రార్‌తోనే.

ఆ కుర్రవాడిని ఆయన తల్లిదండ్రుల ద్వారానో మిత్రుల ద్వారానో పట్టుకుని, ఒక్క పని చేయమని మర్యాదగా అడగండి: అదే రిజిస్ట్రార్ దగ్గర సంఘం పేరున తెరిచిన ఖాతాకు డొమైన్‌ను బదలాయించమని. ఒకే రిజిస్ట్రార్‌లో ఖాతా నుంచి ఖాతాకు మార్చడం సులభం, సాధారణంగా ఖర్చు కూడా ఉండదు. వేరే రిజిస్ట్రార్‌కు వెళ్లాలంటే బదిలీ కోడ్ కావాలి. డాట్ కామ్ వంటి చిరునామాల విషయంలో, యజమాని అడిగిన ఐదు రోజులలోగా ఆ కోడ్ అందేలా చూడాలని, డొమైన్ల వ్యవస్థను సమన్వయపరిచే ఐకాన్ సంస్థ నియమం ఉంది. కొత్తగా నమోదైన డొమైన్‌ను మొదటి 60 రోజులలో బదిలీ చేయడం కుదరదు. గడువు దాటిపోయినా వెంటనే నిరాశపడనక్కరలేదు. డాట్ కామ్ చిరునామాకు రిజిస్ట్రార్‌ను బట్టి 45 రోజుల దాకా మామూలు రుసుముతోనూ, ఆపై 30 రోజులు భారీ రుసుముతోనూ తిరిగి తీసుకునే వీలుంటుంది. ఆ తర్వాత మరో ఐదు రోజులకు అది ఎవరైనా కొనుక్కోగల సరుకైపోతుంది.

బదిలీ పూర్తయ్యాక డొమైన్‌ను ఒక సంస్థ దగ్గర, హోస్టింగ్‌ను మరో సంస్థ దగ్గర పెట్టుకోమని నా సలహా. రెండూ ఒకేచోట ఉంటే బిల్లు ఒక్కటే వస్తుందనే సౌకర్యం నిజమే గానీ, హోస్టింగ్ సంస్థతో ఏదైనా తగాదా వచ్చి వారు ఖాతాను స్తంభింపజేస్తే చిరునామా కూడా అందులోనే చిక్కుకుంటుంది. అవి వేరుగా ఉంటే, చిరునామా ఏ సర్వరుకు చేరాలో చెప్పే నేమ్ సర్వర్ల వివరాలు మార్చి మరోచోటికి వెళ్లిపోవచ్చు. అలాగే రిజిస్ట్రార్ ఖాతాకు ఇచ్చే ఈమెయిల్ అదే డొమైన్ మీద ఉండకూడదు. డొమైన్ ఆగిన రోజున, గడువు తీరిందని హెచ్చరించే ఉత్తరం కూడా ఆ ఆగిన చిరునామాకే వెళుతుంది!

ప్రశ్న: మా హోస్టింగ్ సంస్థవారు రోజూ బ్యాకప్ తీస్తామని చెబుతున్నారు. మేము విడిగా తీసుకోవడం అవసరమా?
— ఒక గ్రంథాలయ నిర్వాహకుడు, రాజమహేంద్రవరం

జవాబు: అవసరమే. 2021 మార్చి 10న, అర్ధరాత్రి దాటిన కొద్దిసేపటికి, ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే హోస్టింగ్ సంస్థకు చెందిన ఐదంతస్తుల డేటా కేంద్రంలో మంటలు లేచాయి. ఆ భవనం పూర్తిగా కాలిపోయింది, పక్క భవనంలో కొంత భాగం దెబ్బతింది. మనుషులకు ఎవరికీ హాని జరగలేదు గానీ, వెబ్‌సైట్ల గణాంకాలు సేకరించే నెట్‌క్రాఫ్ట్ లెక్క ప్రకారం 36 లక్షల వెబ్‌సైట్లు ఆగిపోయాయి. బ్యాకప్ సేవకు విడిగా డబ్బు కట్టిన కొందరు వినియోగదారుల నకళ్లు కూడా అదే ప్రాంగణంలో ఉండడంతో అసలుతో పాటే కాలిపోయాయి. దీనిపై వ్యాజ్యం వేసిన ఒక కంపెనీకి పరిహారం చెల్లించాలని 2023లో అక్కడి వాణిజ్య న్యాయస్థానం తీర్పు ఇచ్చింది. పరిహారం వచ్చినంత మాత్రాన పోయిన సమాచారం తిరిగి రాదు కదా. 2025 సెప్టెంబరులో దక్షిణ కొరియాలోని డేజాన్ ప్రభుత్వ డేటా కేంద్రం కాలినప్పుడు, ఉద్యోగులు దస్త్రాలు దాచుకునే వ్యవస్థకు బయట నకలు లేకపోవడం వల్ల 858 టెరాబైట్ల సమాచారం పోయింది. ప్రభుత్వానికే ఆ గతి పట్టగా, మీ గ్రంథాలయ పుస్తకాల జాబితాను ఎవరు ప్రత్యేకంగా కాపాడతారు?

కాబట్టి సంస్థను నాలుగు సంగతులు అడగండి. బ్యాకప్ వేరే నగరంలో ఉంచుతారా, ఎన్ని రోజుల నకళ్లు ఉంటాయి, దానిని నేను స్వయంగా దిగుమతి చేసుకోవచ్చా, తిరిగి నిలబెట్టడానికి రుసుము ఉందా? చివరి ప్రశ్నకు జవాబు మిమ్మల్ని ఆశ్చర్యపరచవచ్చు. బ్యాకప్ ఉచితమని చెప్పి, పునరుద్ధరణకు డబ్బు తీసుకునే సంస్థలు ఉన్నాయి.

మీవైపు నుంచి చేయవలసింది ఇది. ఫైళ్లు వేరు, డేటాబేసు వేరు, రెండింటినీ దింపుకోవాలి. పుస్తకాల జాబితా, సభ్యుల వివరాలు ఉండేది డేటాబేసులో. ఫైళ్లు మాత్రమే దింపుకుని, అంతా భద్రంగా ఉందనుకునేవారు చాలామంది. వారానికోసారి ఒక నకలును గ్రంథాలయ కంప్యూటరులోకి, మరొక దానిని ఆన్‌లైన్ డ్రైవులోకి పంపండి. ఏడాదికి రెండుసార్లయినా ఆ నకలుతో వేరేచోట సైటును నిలబెట్టి చూడండి. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఉద్యోగి పొరపాటున అసలు డేటాబేసును చెరిపేసినప్పుడు, పెట్టుకున్న ఐదు రకాల బ్యాకప్ ఏర్పాట్లలో ఏదీ సరిగా పనిచేయడం లేదని అప్పుడే బయటపడింది. చివరికి ఆరు గంటల ముందు యాదృచ్ఛికంగా తీసిన ఒక నకలు వారిని గట్టెక్కించింది. సాఫ్ట్‌వేరు తయారుచేసేవారి పరిస్థితే అది.

ప్రశ్న: మా సాహిత్య పత్రిక పాత సంచికల సైటును వేరే హోస్టింగుకు మార్చాము. ఇప్పుడు తెలుగు వ్యాసాలన్నిటా ప్రశ్నార్థకాలు కనిపిస్తున్నాయి. కొన్ని వ్యాసాల లింకులు కూడా సగంలో తెగిపోయి ఉన్నాయి. కొత్త సంస్థ చెడ్డదా?
— ఒక సంపాదకుడు, విజయవాడ

జవాబు: సంస్థ చెడ్డది కాకపోవచ్చు, మార్పిడి చేసిన పద్ధతిలోనే లోపం జరిగింది. కంప్యూటరులో అక్షరాలను దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు గుర్తుకూ మూడు బైట్లు పడతాయి. పాత సైట్ల డేటాబేసులు చాలా వరకు లాటిన్ అనే పాత అక్షర పద్ధతికి అమర్చి ఉండేవి, అయినా తెలుగు ఎలాగో కనబడుతూ ఉండేది. అటువంటి డేటాబేసును జాగ్రత్త లేకుండా ఎగుమతి చేస్తే రెండు రకాల నష్టాలు జరుగుతాయి. ఒక్కో తెలుగు గుర్తు స్థానంలో మూడేసి విచిత్రమైన లాటిన్ గుర్తులు కనబడితే భయపడనవసరం లేదు, బైట్లు అలాగే ఉన్నాయి, చదివే పద్ధతి సరిచేస్తే తెలుగు తిరిగి వస్తుంది. మీకు కనబడుతున్నట్లు నిజమైన ప్రశ్నార్థకాలే డేటాబేసులోకి ఎక్కి ఉంటే మాత్రం ఆ నకలులో తెలుగు లేదు, దానిని ఎవరూ బాగుచేయలేరు. పాత హోస్టింగ్ ఖాతా ఇంకా బతికి ఉంటే వెంటనే మళ్లీ ఎగుమతి చేయించండి, ఈసారి అక్షర పద్ధతిని స్పష్టంగా పేర్కొని, కొత్తచోట యూటీఎఫ్8ఎంబీ4 గా ఎక్కించమనండి. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేసు సాఫ్ట్‌వేరు ఎనిమిదో వెర్షన్ నుంచి అదే సహజమైన అమరిక. ఇందువల్లనే, కొత్త ఇంట్లో అంతా సరిగా ఉందని నిర్ధారించుకునే దాకా పాత ఖాతాను కనీసం ఒక నెల పాటు మూసివేయవద్దని ప్రతివారికీ చెబుతుంటాను.

లింకులు తెగిపోవడం వేరే సంగతి. వెబ్ చిరునామాలో ఒక్కొక్క తెలుగు గుర్తు శాతం గుర్తులతో కలిసి తొమ్మిది స్థానాలు ఆక్రమిస్తుంది. హల్లు, గుణింతపు గుర్తు, పొల్లు అన్నీ విడివిడిగా లెక్కకు వస్తాయి కనుక, ‘శ్రీ’ ఒక్కటే 36 స్థానాలు తీసుకుంటుంది. వర్డ్‌ప్రెస్ వ్యాసం చిరునామాకు కేటాయించే చోటు 200 స్థానాలు మాత్రమే. అంటే శీర్షికలో ఇరవై రెండు గుర్తులు దాటగానే చిరునామా తెగిపోతుంది. ఇది ఏ హోస్టింగులోనైనా జరిగేదే. ఇకమీదట వ్యాసాల చిరునామాలను చిన్న ఇంగ్లీషు అక్షరాలలోనో సంచిక సంఖ్యతోనో పెట్టుకోండి. బొమ్మల ఫైళ్లకు కూడా తెలుగు పేర్లు పెట్టవద్దు, సర్వరు మార్చినప్పుడు అవే ముందుగా దెబ్బతింటాయి. కొత్త సంస్థను ఎంచుకునేటప్పుడు, ఉచితంగా మార్చిపెడతామని చెప్పేవారిని ఒకే ఒక తెలుగు వ్యాసం ముందుగా మార్చి చూపమని అడగడం మంచి పరీక్ష.

ప్రశ్న: మా క్లినిక్ సైటు నుంచి రోగులకు వెళ్లే అపాయింట్‌మెంట్ ఉత్తరాలు స్పామ్‌లో పడుతున్నాయి. హోస్టింగ్ మార్చాలా?
— ఒక వైద్యురాలు, కాకినాడ

జవాబు: ముందు మీ డొమైన్ అమరికలు చూడండి. ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే మూడు నమోదులు ఉంటేనే, ఉత్తరం నిజంగా మీ దగ్గర నుంచే వచ్చిందని అవతలి సర్వరు నమ్ముతుంది. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ ఈ విషయంలో పట్టు బిగించింది. అవి సరిగా ఉన్నా ఉత్తరాలు స్పామ్‌లో పడుతుంటే, మీ సర్వరు ఐపీ చిరునామాను (ఇంటర్నెట్‌లో దానిని గుర్తించే సంఖ్యను) పంచుకుంటున్న ఇంకెవరో చెత్త ఉత్తరాలు పంపి దానిని నిషేధ జాబితాలోకి ఎక్కించి ఉంటారు. షేర్డ్ హోస్టింగులో ఇది మామూలే. హోస్టింగ్ మార్చడం కంటే, ఈమెయిల్‌ను అందుకే ప్రత్యేకించిన సేవకు మార్చుకోవడం మేలు. దానివల్ల రేపు సైటు ఆగినా ఉత్తరాలు ఆగవు.

ప్రశ్న: ఉత్తమ హోస్టింగ్ సంస్థలంటూ వచ్చే సమీక్షలను నమ్మవచ్చా?
— ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: ఆ సమీక్షలలో అధికభాగం, లింకు నొక్కి కొన్నవారి లెక్కన కమీషను అందుకునేవారు రాసినవే. ఒక్కో కొనుగోలుకు వేల రూపాయల కమీషను ఇవ్వడం ఈ రంగంలో ఉంది కనుక, ఎక్కువ కమీషను ఇచ్చే సంస్థే జాబితాలో పైకి చేరుతుంది. పైగా పోటీదారులుగా కనిపించే పేర్లు ఒకే యజమానివి కావచ్చు. బ్లూహోస్ట్, హోస్ట్‌గేటర్ రెండూ ఎండ్యూరెన్స్ అనే సంస్థ చేతిలో ఉండేవి. మన దేశంలో డైరెక్టై అనే సంస్థ స్థాపించిన బిగ్‌రాక్, రీసెల్లర్‌క్లబ్‌లను కూడా అది 2014లో కొన్నది. 2021లో అది న్యూఫోల్డ్ డిజిటల్‌గా మారింది. 2013 ఆగస్టు 2న అమెరికాలోని యూటాలో ఒక డేటా కేంద్రం మొరాయిస్తే ఈ కుటుంబంలోని నాలుగు పేర్ల సైట్లూ ఒకేసారి ఆగిపోయాయి. ఒక సైటు అక్కడ, మరో సైటు ఇక్కడ పెట్టుకుని నిశ్చింతగా ఉన్నవారికి రెండూ ఒకేచోట ఉన్నాయని ఆ రోజే తెలిసింది.

మీ సొంత పరీక్షే ఉత్తమం. ఆదివారం రాత్రి పది గంటలకు సహాయ విభాగానికి ఒక సాంకేతిక ప్రశ్న పంపండి. అమ్మకాల విభాగం అయితే క్షణంలో పలుకుతుంది కాబట్టి దానిని పరీక్షించి లాభం లేదు. జవాబు ఎంత సేపటికి వచ్చింది అన్నదాని కంటే, రాసినవారు మీ ప్రశ్న చదివారా లేదా అన్నది చూడండి.

ప్రశ్న: విదేశీ సంస్థ దగ్గర హోస్టింగ్ తీసుకున్నాను. ఆటో రెన్యువల్ పెట్టినా డబ్బు కట్ కాలేదు, సైటు ఆగిపోయింది. తప్పు ఎవరిది?
— ఒక చిన్న వ్యాపారి, విశాఖపట్నం

జవాబు: 2021 అక్టోబరు 1 నుంచి అమలవుతున్న రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం, కార్డు నుంచి తనంతట తాను జరిగే చెల్లింపులకు ముందుగా మీ అనుమతి నమోదై ఉండాలి, కనీసం 24 గంటల ముందు బ్యాంకు మీకు తెలియజేయాలి, 2022 జూన్ నుంచి 15 వేల రూపాయలు దాటిన ప్రతి చెల్లింపుకూ విడిగా ధ్రువీకరణ కావాలి. ఈ పద్ధతికి తగిన ఏర్పాటు చేసుకోని విదేశీ సంస్థల చెల్లింపులు బ్యాంకు దగ్గరే ఆగిపోతాయి. అందువల్ల డొమైన్‌కూ హోస్టింగుకూ గడువుకు నెల రోజుల ముందే స్వయంగా చెల్లించండి. యూపీఐ తీసుకునే సంస్థ అయితే ఈ చిక్కు తక్కువ.

ప్రశ్న: వీపీఎస్ తీసుకోబోతే గుర్తింపు పత్రాలు అడుగుతున్నారు. ఇవ్వవచ్చా?
— ఒక ఇంజనీరు, హైదరాబాదు

జవాబు: ఇవ్వవచ్చు. 2022 ఏప్రిల్ 28న, కంప్యూటరు భద్రతను చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ జారీచేసిన ఆదేశాల ప్రకారం, వీపీఎస్, క్లౌడ్ సేవలు అందించేవారు వినియోగదారుల పేరు, చిరునామా, ఫోను వంటి వివరాలను సరిచూసి, ఖాతా ముగిసిన తర్వాత కూడా ఐదేళ్లు దాచి ఉంచాలి. ఆధార్ ఇవ్వవలసి వస్తే అంకెలు కప్పిన ప్రతిని ఇవ్వండి. ఏ వివరాలూ అడగకుండా సర్వరు ఇచ్చేవారి దగ్గర మీ పొరుగు సైట్లు ఎటువంటివై ఉంటాయో కూడా ఆలోచించండి.

ప్రశ్న: నేను విశ్రాంత ఉపాధ్యాయుడిని. నా పద్యాలు, కొన్ని వ్యాసాలు ఒకచోట పెట్టుకోవాలని ఉంది. అమ్మకాలూ లేవు, లాగిన్‌లూ లేవు. దీనికి కూడా ఏటా డబ్బు కట్టాలా?
— ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: మీకు హోస్టింగ్ కొనవలసిన అవసరమే లేదు. డేటాబేసు లేని సాదా పేజీలను గిట్‌హబ్ పేజెస్, క్లౌడ్‌ఫ్లేర్ పేజెస్ వంటివి ఉచితంగా చూపుతాయి. గిట్‌హబ్‌లో సైటు పరిమాణం ఒక గిగాబైటు లోపు ఉండాలి, వ్యాపారానికి వాడకూడదు. పద్యాలకు అందులో వెయ్యో వంతు కూడా పట్టదు. భద్రతా సర్టిఫికెట్ కూడా దానితోనే ఉచితంగా వస్తుంది. మొదటిసారి అమర్చడానికి కంప్యూటరు తెలిసిన మనవడో మనవరాలో ఒక పూట పక్కన కూర్చుంటే చాలు. డొమైన్ ఒక్కటి మాత్రం మీ పేరున, మీ సొంత ఈమెయిల్‌తో కొనుక్కోండి, ఖర్చు ఏడాదికి వెయ్యి రూపాయల వరకు ఉంటుంది. రేపు ఆ ఉచిత సేవ షరతులు మార్చినా, అదే చిరునామాతో పేజీలను మరోచోట పెట్టుకోవచ్చు.